అరుగు లేని ఫొటో

అమలాపురం పాత ఫొటోల ప్రదర్శన పెడదామని ఇల్లిల్లూ తిరుగుతూ మా వీధి మామ్మగారి దగ్గరకీ వెళ్లాను. ఆవిడ తమ ఇంటి ఫొటో తెచ్చి, ఒక మూల బొటనవేలు నొక్కిపెట్టి చూపించారు.

"వేలు తియ్యండి మామ్మగారూ."

"నిన్ను మునిసిపాలిటీ వాళ్లు పంపేరా?"

"నన్నెవరు పంపుతారండీ? మా ఇంట్లో కూరగాయలకే పంపరు."

ఆవిడ నవ్వలేదు, వేలూ తియ్యలేదు, ఫొటో అసలే ఇవ్వలేదు. ఇప్పుడు రోడ్డు మీదికి మూడడుగులు వచ్చిన వాళ్ల అరుగు ఆ ఫొటోలో లేదని ఎదురింటివాళ్లు తర్వాత చెప్పారు. రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట విన్నప్పటి నుంచి ఆవిడకి అందరూ కొలతల టేపుతో వచ్చినవాళ్లలాగే కనిపిస్తున్నారు.

ప్రదర్శనకి మాత్రం అందరికంటే ముందొచ్చారు. ఎదురింటివాళ్లిచ్చిన పెళ్లి ఊరేగింపు ఫొటోలో, పల్లకీ వెనక, మామ్మగారి ఇల్లు అరుగు లేకుండా నిలబడి ఉంది. ఆవిడ ఆ ఫొటోకి వీపు ఆనించి, వచ్చినవాళ్లందరికీ ఎదురుగోడ మీది గడియారస్తంభం ఫొటో చూపించడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నం మునిసిపల్ కమిషనర్ గారొచ్చి, "ఊరంటే ఎంత అభిమానమండీ మీకు," అన్నారు.

"ఆయ్. అటు చూడండి బాబూ."

సాయంత్రమైనా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు. నేనొక కుర్చీ తెచ్చి వేశాను. కూర్చుంటే ఫొటో కనిపిస్తుందేమోనని, మేకు పీకి, దాన్ని రెండడుగులు కిందికి దించి తగిలించాను.