సింహాద్రి బాబాయి నా చేతిలో పెట్టిన తలుపు

మొన్న ఆదివారం పొద్దున్న కుక్కర్‌లో నీళ్లు ఇగిరిపోయి రబ్బరు మాడింది. ఆ వాసన ముక్కుకు తగలగానే స్టవ్ ఆపేశాను సరే, చేతులు అక్కడితో ఆగలేదు. వంటింటి తలుపు తీశాను, పరుగున వెళ్లి వీధివైపు గ్రిల్లుకు వేసిన తాళం తీశాను, గదిలో పడుకున్న కూతుర్ని లేపాను. "ఏటమ్మా, కుక్కరే కదా, రిలాక్స్ లా" అని ఇక్కడివాళ్ల 'లా' ఒకటి తగిలించి అది దుప్పటి ముసుగేసుకుంది. దానికేం తెలుసు? ఇక్కడ మలేసియాలో, క్లాంగ్‌లో మా వరస ఇళ్లన్నిటికీ దొంగల భయంతో ఇనుప గ్రిల్లులే, గ్రిల్లు గ్రిల్లుకూ తాళమే. మాడిన వాసనా తాళమూ ఒక్కచోట చేరితే నాకు సింహాద్రి బాబాయి గుర్తొస్తాడు. ఆయన గుర్తొస్తే ఇక కుదురుగా కూర్చోలేను.

ఆయన నాకు చుట్టం కాదు. పోర్ట్ క్లాంగ్ రేవులో మంటలార్పే దళంలో పనిచేసేవాడు. మా తాతల్లాగే ఆయన తాతా విజయనగరం వైపు నుంచి రబ్బరు తోటకు వచ్చినవాడే. బక్కపలచని మనిషి, నుదుటి మీద కాలిన మచ్చ. ఏ గదిలోకి వచ్చినా మనుషుల్ని తర్వాత, తలుపుల్ని ముందు చూసేవాడు. యూనియన్ వాళ్లు అప్పుడప్పుడూ శని, ఆదివారాల్లో ఒక హాలు అద్దెకు తీసుకుని బడి పెట్టేవారు. ఒక గదిలో ఫైర్‌మన్లకు పాఠం. వాళ్లు దాదాపు అందరూ మలాయ్‌లు. పక్క గదిలో మావాళ్లకు, అంటే తమిళులకూ మాలాంటి నలుగురైదుగురు తెలుగువాళ్లకూ. పెద్ద మీటింగుల్లో మావాళ్లు వెనక వరసలో కూర్చుని, అన్నిటికీ తలూపి, టీ తాగి వెళ్లిపోతున్నారనే ఆ రెండో గది పెట్టారట. బాబాయి రెండు గదులకూ చెందినవాడు. పొద్దంతా ఆ గదికీ ఈ గదికీ తిరుగుతూనే ఉండేవాడు. మలాయ్ ఫైర్‌మన్లు "నువ్వు ఏ క్లాసు, సిమ్? తేల్చుకో లా!" అని ఏడిపించేవారు.

నేను ఆ బడికి పోయింది చదువు మీద మోజుతో కాదు. తోటలో తమిళ బడి మూడో తరగతితోనే నా చదువు సరి. అప్పుడు నేను రేవు దగ్గర ఒక గోదాములో పెట్టెలకు ప్లాస్టిక్ చుట్టే పనిలో ఉన్నాను. సరుకు దొంగల పాలవుతోందని అక్కడి వెనక తలుపుకు గొలుసు వేసి, తాళం బిగించి, తాళంచెవి సూపర్‌వైజర్ తన జేబులో వేసుకున్నాడు. ఒకరోజు చుట్టే మిషన్ వేడెక్కి నల్లటి పొగ వచ్చింది. ఆడవాళ్లమంతా వెనక తలుపుకే పరుగెత్తాం. నేనూ, మా ఆడపడుచు లచ్చుమీ గొలుసు పట్టుకుని గుంజాం. పొగ దానంతటదే తగ్గింది. సూపర్‌వైజర్ తీరిగ్గా వచ్చి "చూశారా, ఏం కాలేదు" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. కూతురు అప్పటికి పసిది. ఇంట్లో నుంచి ఇద్దరు ఆడవాళ్లం ఒక్క గోదాములోకే పోతున్నాం. ఆ తలుపు తెరిపించాలి. నా తలలో మరో మాట లేదు.

యూనియన్ బడిలో తెలుగు ఫైర్‌మన్ ఉన్నాడని ఎవరో చెప్పారు. ఇంకేం, మురుకులు చేసి డబ్బాలో పెట్టుకుని వెళ్లాను. తోటలో మా అమ్మ అలాగే చేసేది. కష్టం వస్తే ఏదో ఒకటి వండి కంగాణి ఇంటికి పట్టుకెళ్లి, గుమ్మం దగ్గర నిలబడి "అయ్యా, తమరే చూడాలి" అనేది. కంగాణి అంటే మా కూలీల మీద పెద్ద. నాకు తెలిసిన దారీ అదొక్కటే. టీ వేళ బాబాయి ఎదురుపడితే డబ్బా చేతిలో పెట్టి తలుపు సంగతంతా ఏకరువు పెట్టాను. ఆయన మురుకు నములుతూ, అటూ ఇటూ నడుస్తూ విన్నాడు.

"ఇప్పుడు నన్నేటి సెయ్యమంటావు?"

"తమరే సూడాలి, బాబాయ్."

"మురుకులు బాగున్నాయి. ఇవి నేనుంచుకుంటాను. తలుపు మాత్రం నువ్వే పట్టుకెల్లు."

నాకు ఒళ్లు మండిపోయింది. "మీరు ఫైర్‌మన్ కదా! ఒక్క ముక్క సెప్తే వాల్లు బయపడరా?"

"బయపడతారమ్మా. నేనున్నంతసేపు తీస్తారు. నేనెల్లిపోయినాక మూస్తారు. రోజూ ఆడ ఉండేది ఎవులు? నేనా, నువ్వా?"

డబ్బా లాక్కుని వెళ్లిపోదామనుకున్నాను. లచ్చుమి చెయ్యి పట్టి ఆపింది.

ఆ మధ్యాహ్నం ఆయన మా గది కర్టెన్లు మూసేశాడు, లైట్లు ఆర్పేశాడు. పొగలో మనిషి నిలబడకూడదట. మోకాళ్ల మీద పాకాలి, ఒక చెయ్యి గోడ వదలకూడదు, రెండో చేత్తో ముందున్నవాళ్ల కాలి మడమ పట్టుకోవాలి. చీరల్లో, చుడీదార్లలో మేము సిగ్గుతో నవ్వుకుంటూ పాకాం. "ఎవరే నా కాలికి చక్కిలిగింత పెడుతోంది?" అని తమిళంలో ఒకావిడ అరిచింది. అందరికంటే ముందు నేనున్నాను. గోడ పట్టుకుని పోయి పోయి తలుపు చేరి పిడి తిప్పితే రాలేదు. బాబాయి తాళం వేసి, తాళంచెవి చేత పట్టుకుని తలుపు అవతలే నిలబడ్డాడని నాకు తెలియదు. నవ్వులు ఆగిపోయాయి. నా మడమ పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. నేను తలుపు బాదాను. వెనకున్నవాళ్లు గోడ బాదారు, నేల బాదారు. పక్క గదిలోంచి ఫైర్‌మన్లు బిలబిలా పరుగెత్తుకొచ్చారు.

తలుపు తెరుచుకుంది. ఫైర్‌మన్లకు పాఠం చెప్పే పెద్దాయన, ఇస్మాయిల్ అనే ఆయన, బాబాయిని అందరి ముందూ కడిగేశాడు. "నీకు పిచ్చా, సిమ్? చెప్పకుండా మనుషుల మీద తాళం వేస్తావా?" బాబాయి ఎదురు చెప్పలేదు. తప్పేనన్నాడు. నా దగ్గరకొచ్చి నీళ్ల సీసా ఇచ్చాడు. మూత తీసివ్వబోయి రెండుసార్లు జారవిడిచాడు.

"మీకూ బయమేనా?" అన్నాను కోపంగా.

"బయం లేనోన్ని మేం మంటలోకి పంపం పైడమ్మా. ఆడు తిరిగి రాడు." మూత నా చేతికిచ్చి, "నువ్వు బాదినావు సూడు, మిగతావోల్లు ఎందుకు బాదినారు? నువ్వు సెప్పినావా?" అన్నాడు.

చెప్పలేదు. ఆ మాట బస్సులో ఇంటిదాకా నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

తర్వాతి నెలలో మేం మేనేజరు గదికి వెళ్లాం. నేను, లచ్చుమి, ఒక నేపాలీ అమ్మాయి, సల్మా అనే మలాయ్ ఆవిడ. అంతకుముందు రెండు ఆదివారాలు బాబాయి కుర్చీలో మేనేజరులా కూర్చుని మా చేత మాట్లాడించాడు. మేం తడబడితే విసుక్కునేవాడు, ఫోను చూసుకునేవాడు, "సరే సరే, చూద్దాం" అని లేచిపోయేవాడు. అచ్చం వాళ్లలాగే. ఆ రోజు మాతోపాటు ఆఫీసుదాకా వచ్చాడు. లోపలికి మాత్రం రాలేదు. మెట్ల దగ్గరే ఆగిపోయాడు. తీరా సమయానికి వదిలేశాడని మళ్లీ తిట్టుకున్నాను.

లోపల నా మలాయ్ భాష సగంలో ఆగిపోయింది. పొగ అన్నాను, గొలుసు అన్నాను, నా కూతురు అన్నాను, ఇక మాట రాలేదు. మేనేజరు ఫోను తీసి "సరే, చూద్దాం" అన్నాడు. నేను లేవబోయాను. సల్మా లేవలేదు. "ఆవిడ మాట పూర్తి కాలేదు" అంది. నేను మళ్లీ కూర్చున్నాను. మిగతాది తమిళంలో చెప్పాను. లచ్చుమి దాన్ని మలాయ్‌లోకి మార్చింది. తలుపు ఎప్పుడు తీస్తారో చెబితేనే వెళ్తామన్నాం. చాలాసేపు కూర్చున్నాం.

వారం తిరగకముందే గొలుసు పోయింది. లోపలి నుంచి నెడితే తెరుచుకునే అడ్డకడ్డీ పెట్టారు. తెరిస్తే గంట మోగుతుంది. అక్కడితో కథ సుఖంగా ముగిసిందని చెప్పను. నా ఓవర్‌టైం తగ్గించారు. సాయంత్రం ఇంటికెళ్లేముందు మా సంచులు వెతకడం మొదలైంది. "నీవల్లే కదా" అని కొందరు ముఖం తిప్పుకున్నారు. నేను బాబాయి దగ్గరికి పోయి ఏడ్చాను. ఓదారుస్తాడనుకున్నాను.

"ముకం తిప్పుకున్నోల్లని వొచ్చే ఆదివారం బడికి తీసుకురా" అన్నాడు.

"వాల్లు నాతో మాటాడటమే లేదు, బాబాయ్."

"నాతో నువ్వు మాత్రం మంచిగా మాటాడినావేటి?"

ముగ్గురు వచ్చారు. ఒకామె నన్ను తిట్టడానికే వచ్చింది. కడుపునిండా తిట్టి, ఆ తర్వాత సంచుల సంగతి మాట్లాడటానికి మాతో ఆఫీసుకూ వచ్చింది.

బాబాయి ఊపిరితిత్తులు పాడై చనిపోయి కొన్నేళ్లయింది. ఆఖరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు మాట సరిగా రాలేదు. అయినా వార్డు తలుపు వైపు చూసి, దారికడ్డంగా ఉన్న చక్రాల మంచాన్ని పక్కకు జరపమని చేత్తో సైగ చేశాడు. నేనూ, నర్సమ్మా జరిపాం. అప్పుడు కళ్లు మూసుకున్నాడు. ఆయన లేని బడికి నేను కొన్నాళ్లు పోలేకపోయాను. ఇప్పుడు పోతున్నాను. కొత్తగా వచ్చిన ఆడవాళ్ల పక్కన కూర్చుంటాను.

గోదాము ఇప్పుడు చేతులు మారింది. నేను అక్కడే ఉన్నాను. తలుపుకు తాళం లేదు కానీ, చోటు చాలడం లేదని దానికి అడ్డంగా పెట్టెలు పేరుస్తున్నారు. నేను జరుపుతాను, మర్నాటికి మళ్లీ పేరుస్తారు. నిన్న ఒక బంగ్లాదేశ్ కుర్రది నాతోపాటు జరిపింది. మీరు పెద్దవారు, ఆఫీసులో మీరే చెప్పండి అంది. ఒక్కదాన్నే చెబితే త్వరగా అయిపోతుంది కూడా. ఇప్పుడు నా మలాయ్ భాష అంత అధ్వాన్నంగా లేదు. కానీ నేను రిటైరయ్యాక ఆ పెట్టెలు ఎవరు జరుపుతారు? ఆ కుర్రదాన్ని కుర్చీ ముందు నిలబెట్టి, నేను మేనేజరునై విసుక్కున్నాను. అది తడబడింది, కళ్లనీళ్లు పెట్టుకుంది, నన్ను లోలోపల తిట్టుకునే ఉంటుంది. రేపు పొద్దున్న అది మరో ముగ్గురితో ఆఫీసులోకి వెళ్తుంది. నేను మెట్ల దగ్గర ఉంటాను. లోపలికి వెళ్లడం కన్నా అక్కడ నిలబడటమే కష్టమని ఇప్పుడు తెలుస్తోంది.