ఇంజనుకు ప్రదక్షిణ

నా చిన్నప్పుడు, పాలపళ్లు ఇంకా పూర్తిగా ఊడని వయసులో, ఇటలీ నుంచి వచ్చిన పందెం కారు ఇంజను విప్పి, పాత క్యామ్‌షాఫ్టులు రెండూ పీకేసి, కొత్తవి నా చేతులతో నేనే బిగించాను. అప్పటికి చిత్తూరు జిల్లాలో ఆ పని చేసిన మగవాడు లేడు. ఈ సంగతి నేను పెళ్లి విందుల్లో చెప్పాను, రైళ్లలో చెప్పాను, తిరుమలలో కంపార్టుమెంటు తలుపు ఎప్పుడు తీస్తారా అని ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు పక్కనున్న భక్తులకూ చెప్పాను. లేచి వెళ్లడానికి దారి లేదు కాబట్టి వాళ్లు చాలా శ్రద్ధగా విన్నారు.

నిజం చెప్పాలంటే బిగించింది మా మేనమామ. నేను టార్చిలైటు పట్టుకున్నాను. ఇంకాస్త నిజం చెప్పాలంటే టార్చిలైటు పట్టుకున్నది మా అత్త, అంటే మామ భార్య. నా చేతిలో ఉన్నది బోల్టులు వేసిన ఇత్తడి పళ్లెం. దాంట్లోకి చీమలు రాకుండా చూడటం నా ఉద్యోగం.

ఇన్నేళ్ల తరవాత ఇప్పుడెందుకు ఒప్పుకుంటున్నానంటే, దానికి మా మనవరాలు కారణం. తిరుపతిలో మా అపార్టుమెంటు సెల్లారులో, ఎవరో వాడి వదిలేసిన ఒక స్పోర్ట్స్ కారు కొనుక్కుని, వేగం పెంచే క్యామ్‌షాఫ్టులు తెప్పించి, ఫోనులో వీడియోలు చూస్తూ తనే బిగిస్తోంది. నేను కుర్చీ వేసుకుని కూర్చుని సలహాలు ఇస్తున్నాను. మొన్న అంతా బిగించాక ఆ పిల్ల తాళం తిప్పలేదు. ఇంజను ముందువైపు బోల్టుకు పానా తగిలించి, చేత్తో నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టింది. నేను కుర్చీలోంచి లేచాను. ఇది మా ఇంటి ఆచారం కదా, ఈ పిల్లకు నేనెప్పుడూ చెప్పలేదే అని అడిగితే, "ఆచారమేంది తాతయ్యా, ప్రపంచమంతా ఇట్లనే చేస్తారు, వీడియోలో ఉండాది సూడు" అంది. ఇంతకాలం అది మా అత్త కల్పించిందని నమ్మినవాణ్ని. మనసు నేరుగా చిత్తూరులోని బెల్లం మండీకి వెళ్లిపోయింది.

ఆ మండీ మా తాతయ్యది, అంటే మా అమ్మ నాన్నది. రేకుల కప్పు కింద పొద్దున్నించి రాత్రిదాకా బెల్లం వాసన. సెలవులకు వెళితే నా మకాం అక్కడే. మా మామ పాలిటెక్నిక్ చదివి, బెల్లం వ్యాపారం తనవల్ల కాదని తేల్చేసిన మనిషి. నీలగిరిలో తోటలు అమ్ముకుని స్వదేశం వెళ్లిపోయిన ఒక దొర వదిలేసిన కారును ఎలాగో సంపాదించి, లారీ మీద ఎక్కించుకుని తెచ్చాడు. పొట్టిగా, నేలకు కరుచుకుపోయినట్టు ఉండేది. కూర్చోవడానికి రెండే సీట్లు. మా తాతయ్యకు వేగం కంటే ఆ రెండు సీట్ల మీదే ఎక్కువ కోపం.

"ఒరే, సంసారం చేసేవాడు కొనే బండేనా ఇది? నేనూ మీయమ్మా యాడ కూసోవల్ల, డిక్కీలోనా?" అని రోజుకొకసారి అడిగేవాడు.

మామ కోరిక వేరు. మద్రాసు పక్కన పాడుబడిన విమానాల మైదానంలో అప్పట్లో కార్ల పందాలు జరిగేవి. అందులో ఒక్కసారైనా పరుగెత్తాలని ఆయన తపన. దానికోసమే కొత్త క్యామ్‌షాఫ్టులు తెప్పించాడు. మనిషికి ముక్కు ఎలాగో ఇంజనుకు వాల్వులు అలాగ. అవి ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంత తెరుచుకోవాలో చెప్పేవి క్యామ్‌షాఫ్టులు. పొడవాటి ఇనుప కడ్డీ, దాని మీద వరసగా కోడిగుడ్డు ఆకారంలో గుబ్బలు. ఆ గుబ్బలు ఎత్తుగా ఉంటే వాల్వు ఇంకా లోతుకు దిగుతుంది, ఇంజను ఇంకా గట్టిగా ఊపిరి పీలుస్తుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. వాల్వు కిందికి దిగే వేళకు పిస్టను పైకి వచ్చిందా, రెండూ గుద్దుకుంటాయి. అలా జరగకుండా, క్యామ్‌షాఫ్టులను తిప్పే గొలుసు చక్రాల మీద సన్నటి గీతలు పెట్టి ఉంటారు. ఆ గీతలు కలిసేలా గొలుసు ఎక్కించడాన్నే టైమింగ్ పెట్టడం అంటారు. అది తప్పితే వాల్వులు వంగి, ఇంజను ఇనుపముక్క అయిపోతుంది. ఆ కారుకు విడిభాగాలు మద్రాసులో కూడా దొరకవు.

తాతయ్యకు ఈ టైమింగ్ పట్టలేదు. ఆయన టైమింగ్ పంచాంగంలో ఉంటుంది. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం వస్తుంది, ఆలోగా బండి పలకాలి అన్నాడు. "పలికిందా, నీది. పలకలేదా, పాత ఇనుము కింద అమ్మేస్తా. మల్ల నా ముందర పందెం మాటెత్తకూడదు." మామ సరేనన్నాడు. సరేననక ఏం చేస్తాడు, కారు నిలబడి ఉన్నది తండ్రి మండీలో.

అత్త అప్పటికి కాపురానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసే ఇంటి పిల్ల. భర్త ఎప్పుడు చూసినా కారు కిందే ఉంటాడు కాబట్టి, ఆయనతో మాట్లాడాలంటే ఆమె కూడా కారు దగ్గరికే రావాలి. అలా వచ్చి వచ్చి టార్చిలైటు చేతికి తీసుకుంది. గురువారం సాయంత్రం ఆ చీకటి మండీలో ఆమె ఇంజను మీదికి వంగి వెలుగు పడుతుంటే, మామ గొలుసు ఎక్కించి, గీతలు కలిపి, మూత బిగించాడు. బిగించాక ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని నాకొకటి ఇచ్చాడు. అత్త తీసుకోలేదు. ఏదో ఆలోచనలో ఉన్నట్టు ఆ మూత వైపే చూస్తూ నిలబడింది.

మరునాడు పొద్దున్నే వీధి వీధంతా వచ్చింది. కారు ముందు కొబ్బరికాయ, కర్పూరం, నాలుగు చక్రాల కిందా గూడూరు నిమ్మకాయలు. మామ తెల్లచొక్కా వేసుకుని సీట్లో కూర్చున్నాడు. తాతయ్య గోడ గడియారాన్నీ మామ ముఖాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. హారతి అయింది. మామ చెయ్యి తాళం మీదికి పోయింది.

అప్పుడు వచ్చింది అత్త, తల నిండా కొంగు కప్పుకుని, చెవులు కూడా కనిపించకుండా. పెద్దల ముందు ఎంత వినయమో అనుకున్నాను.

"ఒక్క నిమిషం మామా," అంది తాతయ్యతో. "మా గూడూరులో ఇంజను విప్పి బిగిస్తే, తాళం తిప్పేదానికి ముందు దానికి ప్రదక్షిణ చేయిస్తారు. చేత్తోనే, రెండు చుట్లు. చేయించకుంటే మంచిది కాదంటారు."

మామకు ఒళ్లు మండింది. "యేందే ఇది? నేను పెట్టిన టైమింగ్ మీద నీకు నమ్మకం లేదా?"

"మీమీద నమ్మకమే. దేవుడికి చెప్పుకునేదానికి మీకేమి?"

ఇంజనీరింగు మాట చెప్పి ఉంటే తాతయ్య చెవిన పడేదే కాదు. ఆచారం అనేసరికి మెత్తబడ్డాడు. పైగా తనకు తెలియని ఆచారం. "దిగురా. ఆయమ్మ చెప్పేదాంట్లో తప్పేముండాది? చేయించు ప్రదక్షిణ," అన్నాడు.

మామ పళ్లు కొరుక్కుంటూ దిగి, బానెట్టు ఎత్తి, పానా తగిలించాడు. తాతయ్య చేతులు జోడించి "గోవిందా" అన్నాడు. వీధంతా "గోవిందా" అంది. ఒక చుట్టు హాయిగా తిరిగింది. మళ్లీ "గోవిందా". రెండో చుట్టు సగం దాటింది. అందరూ "గోవిం..." అంటుండగా లోపల ఎక్కడో టక్కుమంది.

పానా ఆగిపోయింది. మామ ఇంకొంచెం బలం పెట్టాడు. కదల్లేదు. "గోవిం" అన్న నోళ్లన్నీ అలాగే తెరుచుకుని ఉండిపోయాయి. నేను మామ ముఖం వైపు చూశాను. చెమట అలాగే ఉంది కానీ దాని కింద రక్తం లేదు. పెద్దవాళ్లు భయపడటం నేను చూడటం అదే మొదటిసారి. కప్పు కూలితే పరుగెత్తవచ్చని తెలుసు. ఇలాంటప్పుడు ఏం చేయాలో తెలియక పళ్లెం గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

"నాయనా," అన్నాడు మామ. "నేను తాళం తిప్పింటే... ఈపాటికి ఇంజను పోయుండును."

తాతయ్య వెనక్కి తడుముకుంటూ బెల్లం బస్తా మీద కూలబడ్డాడు. గడియారం పదీ ఇరవై దాటింది. వీధిలో ఎవరో అపశకునం అనే మాట అననే అన్నారు. వాళ్ల కళ్లు కొత్త కోడలి వైపు తిరగబోయేంతలో, ఆమే మళ్లీ నోరు తెరిచింది. ప్రదక్షిణ సగంలో ఆగితే ముహూర్తం కూడా అక్కడే ఆగుతుందట గూడూరులో. ప్రదక్షిణ పూర్తయ్యేదాకా రాహుకాలం లెక్కలోకి రాదట. తాతయ్య కోడలి వైపు చాలాసేపు చూశాడు. ఎంత నమ్మాడో నాకు తెలియదు. "మీ గూడూరులో పంచాంగం బాగుండాదమ్మా," అని మాత్రం అన్నాడు.

మామ మళ్లీ మూత విప్పాడు. మూత రాగానే ఆయనకంటే ముందు అత్త తల దూర్చింది, టార్చి పట్టడానికి. ఆ తరవాత ఆయన చూశాడు. గొలుసు చక్రం మీద ఒక పన్ను ఎగిరి కూర్చుంది. గీతలు కలవలేదు. "నేనే తప్పు పెట్టినా," అని ఆయన గొణుక్కోవడం నేను విన్నాను. అత్త ఒక్క మాట అనలేదు. అనేందుకు అంత మంచి అవకాశం ఏ భార్యకు దొరుకుతుంది! ఆమె కొంగు కొస ముడివేసి నడుములో దోపుకుని, మళ్లీ టార్చి పట్టుకుంది.

మధ్యాహ్నం ప్రదక్షిణ రెండు చుట్లూ పూర్తయింది. కారు పలికింది. రేకుల కప్పు అదిరింది, చీమలు కూడా వరస తప్పాయి. ఆ రకం క్యామ్‌షాఫ్టులతో ఇంజను నిదానంగా ఉన్నప్పుడు తడబడుతూ, ఎగపోస్తూ తిరుగుతుంది. తాతయ్య కాసేపు విని, "యేందిరా, ఇంత కష్టపడి దానికి దగ్గు తెప్పించినావా?" అన్నాడు. కానీ మాట తప్పలేదు. కారు మామకే ఉండిపోయింది. మద్రాసు పందెంలో మామ గెలిచాడని ఇన్నాళ్లూ చెప్పాను. గెలవలేదు. ఆయన వెనక ఒక్క కారు ఉంది, అది మధ్యలో చెడిపోయింది.

ఆ రోజు నుంచి మా ఇళ్లలో మోటారు పంపు విప్పినా, గ్రైండరు బాగుచేసినా, మీట నొక్కే ముందు చేత్తో రెండు చుట్లు తిప్పాల్సిందే. కానీ నేను మోసుకు తిరుగుతున్నది అదొక్కటే కాదు. గీత తేడా ముందునాడు సాయంత్రమే అత్త కంటపడి ఉంటుంది. వీధి ముందు "నువ్వు తప్పు పెట్టావు" అని భర్తను అనలేక, లేని ఆచారాన్ని పుట్టించి, కారునూ ఆయన మర్యాదనూ ఒకేసారి కాపాడింది. తప్పును ఇలా కూడా చూపించవచ్చా అని ఆ పిల్లవాడికి కలిగిన ఆశ్చర్యం ఈ ముసలివాడికి ఇంకా తీరలేదు. ఎవరినైనా గట్టిగా అనబోయే ముందు ఆ మాటను లోపల ఒక చుట్టు తిప్పి చూసుకుంటాను, ఎక్కడైనా తగులుతుందేమోనని. ప్రతిసారీ గుర్తుండదు. మా ఆవిడ సాక్షి.

ఇంతవరకూ రాసి, మనవరాలి చేత చిత్తూరుకు ఫోను చేయించాను. మామ పోయి చాలా ఏళ్లయింది. అత్తకు ఎనభై దాటాయి, చెవులు మాత్రం చురుకు. మొత్తం చదివి వినిపించాను. మెచ్చుకుంటుందని గొంతు కాస్త బరువెక్కించాను కూడా. మనవరాలు ఫోను కట్టయిందేమోనని చూసింది.

"అయిందా నీ పురాణం?" అంది అత్త. "గీతలూ లేవు, గాడిదగుడ్డూ లేదురా. నాకు గీతలేం తెలుసు? ముందునాడు టార్చి పట్టుకోని వంగితే నా చెవికమ్మ సీల జారి ఆ గొలుసులో పడింది. చెప్దామనేలోపల మీ మామ మూత బిగించేసినాడు. కొత్త కోడలు వచ్చీరాంగానే బంగారం పోగొట్టిందంటే మీ తాత గమ్మునుంటాడా? సీల లేక కమ్మ తీసేసిన ఒట్టి చెవి కనపడకుండా కొంగు కప్పుకోని వచ్చి, తిప్పితే యాడన్నా బయటపడతాదేమోనని తిప్పించినా. మూత తీస్తానే గొలుసు చక్రం పండ్ల మద్దెన ఇరుక్కోని దొరికింది, కొంగున ముడేసుకున్నా."

మామ బతికినన్నాళ్లూ గీత తనే తప్పు పెట్టానని కుమిలిపోయాడు కదా అత్తా అన్నాను.

"కుమిలితే కుమిల్నాడు. ఆ బయానికే గదా ఆయప్ప చేత్తో తిప్పకుండా ఏ బండికీ తాళం పెట్టలేదు. నువ్వు ఆ వినయం, మర్యాద అంతా కొట్టేసి, చెవికమ్మ సీల అని రాయి."