మెక్సికో నుంచి తెచ్చిన ఆఖరి ఓవర్

మా అమ్మాయి జీసీఎస్‌ఈ మార్కుల మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఇంగ్లండ్‌లోని స్విండన్ ఊరి తెలుగువాళ్ల క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా నేను ఒక్క ఓవర్‌లో సాధించిన సర్వనాశనం గురించి చెబుతున్నాను. మామూలు కెప్టెన్లకు అంత నాశనానికి ఒక సీజన్ పడుతుంది.

ఏటా వేసవిలో స్లౌ తెలుగువాళ్లతో మాకొక మ్యాచ్. ఓడిన జట్టు కెప్టెన్ ఆ సాయంత్రం విందయ్యాక బిర్యానీ గుండిగలు తోమాలి. నేను వరసగా మూడేళ్లు తోమాను. ఈసారి కూడా ఓడితే కెప్టెన్సీ పీకేస్తామని మావాళ్లు వాట్సాప్ గ్రూపులో, నమస్కారం బొమ్మ పెట్టి మరీ, మర్యాదగా చెప్పారు.

సరిగ్గా అప్పుడే మా పక్కింట్లోకి రమీరో దిగాడు. మెక్సికోలో బేస్‌బాల్ ఆడి రిటైరై, ఇక్కడి నర్సును పెళ్లి చేసుకుని వచ్చిన మనిషి. భుజాలు బీరువా తలుపుల్లా ఉంటాయి. కంచె అవతల నిలబడి తన కెరీర్ మొత్తం ఇంగ్లీషులో చెప్పాడు.

"నేను రిలీఫ్ పిచర్‌ని. మొదలుపెట్టేది వేరేవాడు. వాడు ఆట చెడగొట్టేదాకా నేను బెంచీ మీద కూర్చుంటాను. చెడగానే ఫోన్ మోగుతుంది. వెళ్లి నాలుగు బంతులు విసిరి వస్తాను."

"మా ఆఫీసులో ప్రొడక్షన్ సపోర్ట్ లాగా," అన్నాను.

"మీ దగ్గర కూడా తిట్లు ఆఖర్న వచ్చినవాడికేనా?"

"ఇంకెవరికి?"

బంతి ఎంత వేగంగా వేసేవాడో చెప్పాడు. ఆ అంకె విన్నాక నా చెవులు పనిచేయడం మానేశాయి. వేగంగా వేసేవాడంటే ఫాస్ట్ బౌలరే. గుంటూరులో పుట్టినవాడికి అందులో అనుమానం ఎందుకొస్తుంది, మీరే చెప్పండి.

"అన్నా, ఒక్కసారి నెట్స్‌లో వేయించి చూద్దాం," అన్నాడు మా కీపర్ కిరణ్.

"బ్రహ్మాస్త్రాన్ని ఎవడైనా ట్రయల్ వేస్తాడా? స్లౌ వాళ్లు చూస్తే?"

మ్యాచ్ రోజు రమీరో బౌండరీ దగ్గర నిలబడి ఎదురుచూశాడు. ఎదురుచూడటంలో ఆయన నైపుణ్యం ముందు మా డాక్టరుగారి వెయిటింగ్ రూమ్ కూడా దిగదుడుపే. ఆఖరి ఓవర్‌లో స్లౌకి పన్నెండు పరుగులు కావాలి. నేను చెయ్యి ఊపాను. ఆయన వచ్చాడు. రన్నప్ లేదు. ఒక కాలు ఛాతీ దాకా లేపి విసిరాడు. బ్యాట్స్‌మన్ కళ్లు మూసుకున్నాడు. కిరణ్ కూడా మూసుకున్నాడు. బంతి ఇద్దరినీ దాటి బౌండరీలో తేలింది.

"నోబాల్," అన్నారు అంపైర్ సత్యం అంకుల్.

"ఏం అంకుల్, గీత దాటలేదుగా?"

"గీత సంగతి తర్వాత. అది బౌలింగ్ కాదు బాబూ, మామిడికాయలు కొట్టడం. మోచెయ్యి వంచి విసురుతున్నాడు."

రెండోదీ అంతే. నోబాల్, ఫోర్. కిరణ్ ఈసారి స్లిప్ ఫీల్డర్ వెనక నుంచి అరిచాడు: "అన్నా, వేరేవాళ్లకివ్వు. వచ్చే నెల నా నిశ్చితార్థం."

"ఓవర్ మధ్యలో మార్చకూడదురా."

రమీరో జాలిగా చూశాడు. "మా ఆటలో అయితే ఈపాటికి మార్చేసేవాళ్లు."

"మోచెయ్యి వంచకు," అని బతిమాలాను.

"వంచకుండా ఎలా విసరను?"

"విసరకూడదు."

"మరి నన్నెందుకు పిలిచావు?"

బంతి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాను. మూడో బంతికి మ్యాచ్ పోయింది. స్కోరు పుస్తకం ప్రకారం ఆ ఓవర్‌లో అసలు బంతే పడలేదు.

ఆ సాయంత్రం గుండిగలో నడుం దాకా దూరి తోముతుంటే, పక్కన ఎవరో చొక్కా చేతులు మడుస్తున్నారు. రమీరో.

"నువ్వెందుకు? ఇంటికెళ్లు," అన్నాను.

"మొదలుపెట్టినవాడు చెడగొట్టాక వచ్చేదే నా ఉద్యోగం," అంటూ స్టీలు పీచు లాక్కున్నాడు. మోచెయ్యి హాయిగా వంచి, అడుగంటినదంతా రెండు నిమిషాల్లో లేపేశాడు.

కెప్టెన్సీ కిరణ్‌కి పోయింది. వాడు చేసిన మొదటి పని, రమీరోకి బంతి ఇవ్వకుండా బౌండరీలోనే ఉంచడం. అక్కడ నుంచి విసరడం తప్పు కాదు కదా. మరుసటి ఏడాది స్లౌ వాళ్లు రనౌట్ల మీద రనౌట్లయ్యి, గుండిగలు వాళ్లే తోముకున్నారు. అంత చిన్న ఆలోచన నాకెందుకు రాలేదని ఎవరూ అడగొద్దు.

ఇక మీదట ఎవరు తమ కెరీర్ గురించి చెప్పినా మోచెయ్యి దాకా వింటానని స్టీలు పీచు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

చివరగా ఒక్క మాట. ప్రతి అక్షరం నిజమే కానీ, రెండు అంకెలు మాత్రం కల్పించాను. ఆ ఓవర్‌లో స్లౌకి కావలసింది పన్నెండు కాదు, ముప్పై ఒకటి. మ్యాచ్ పోయింది మూడో బంతికి కాదు, ఏడో బంతికి. ఒట్టు గురించి కంగారు పడకండి. మా అమ్మాయి మార్కులు ఎప్పుడో వచ్చేశాయి.