మామను గెలిపించిన కుర్చీ

ఆ రోజుల్లో, బయలుదేరబోతూ తుమ్ము వినిపించి ఎవరైనా ఆగిపోతే, అరగంట ఉపన్యాసం ఇస్తేగానీ నేను వదిలేవాణ్ణి కాదు. పగలు నాంపల్లిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి, సాయంత్రాలు ఆ పక్కనే చిన్న హాల్లో మూఢనమ్మకాల మీద నిప్పులు కక్కేవాణ్ణి. (వినేవాళ్లలో సగం మంది ఫ్యాను కోసం వచ్చేవారని తర్వాత తెలిసింది.) అలాంటి నన్ను మా మేనమామ జడ్పీటీసీకి నిలబడి ఇరకాటంలో పెట్టాడు. నన్ను చదివించింది ఆయనే. ఆయన గెలవాలని నా ప్రాణం కొట్టుకునేది. ఆయనేమో ఎవరో స్వామి ఇచ్చిన నిమ్మకాయ జేబులో వేసుకుని ప్రచారం చేశాడు. ఓట్లు వేసేది జనం, నిమ్మకాయ కాదని ఫోన్లో ఎంత మొత్తుకున్నా నవ్వేసేవాడు.

లెక్కింపు నాటి సాయంత్రమే నా ఉపన్యాసం. అంశం, 'అదృష్టం అనేది లేదు'. ప్రెస్సుకు సెలవు పెట్టి, ఆబిడ్స్‌లో ఇరానీ హోటల్లో గోడవార కుర్చీలో కూర్చున్నాను. మామ కొడుకు రౌండు రౌండుకీ ఫోన్ చేస్తున్నాడు. మామ ముందున్నాడు. చేతులు కడుక్కుని వచ్చేసరికి నా కుర్చీలో ఎవరో ఉన్నారు, పక్కదాంట్లో కూర్చున్నాను. ఫోన్ మోగింది. "బావా, నాయిన ఎనకవడ్డడు." కాసేపటికి ఆ మనిషి లేచాడు. నేను ఊరికే (ఒట్టు, గాలి బాగా వస్తుందని) మళ్లీ గోడవారకు జరిగాను. మామ ముందుకొచ్చాడు.

ఇక లేవలేదు. చాయ్ మీద చాయ్ తాగుతూ, దాని పర్యవసానాన్ని కాళ్లు బిగించి ఓర్చుకున్నాను. ఉపన్యాసం వేళ దాటిపోయింది. హాలు నుంచి వచ్చే ఫోన్లు కట్ చేశాను. చివరికి బేరర్ వచ్చాడు.

"సార్, జర లేవుండ్రి. గిరాకీలు నిలవడ్డరు."

"ఒక్క రౌండే మిగిలిందన్నా."

"ఏం రౌండు సార్? పొద్దుగాల సంది గీడనే గూసుంటిరి."

అప్పుడే మామ ఫోను. "గెల్చిన రా. ఇప్పుడేమంటవ్? నిమ్మకాయ పన్జేసిందా లేదా?"

"నిమ్మకాయ కాదు మామా, కు..." అని నోరు నొక్కుకున్నాను. పొద్దంతా నేను బిగబట్టుకుని కూర్చుంటే పేరు నిమ్మకాయకు పోతోందే అని నిజంగానే కోపమొచ్చింది.

ఆలస్యంగానైనా వెళ్లి, అదృష్టం లేదని ఘంటాపథంగా చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ఇవాళ్టికీ నా మాట అదే. కాకపోతే ఆబిడ్స్ మీదుగా పోయినప్పుడు ఆ హోటల్లోకి తొంగి చూస్తాను. గోడవార కుర్చీలో ఏ కుర్రాడైనా ఫోన్ చేతబట్టుకుని కదలకుండా కూర్చుని ఉంటే, కాసేపు అతన్ని లేపొద్దని బేరర్‌తో చెప్పాలనిపిస్తుంది.