బెల్లం డబ్బా మీద మీటరు

మొన్న మధ్యాహ్నం ఆత్మకూరులో ఎండ నిప్పులు చెరుగుతుంటే, ఈసీజీ తీయడానికి ఒక పెద్దాయన మణికట్టు పట్టుకున్నాను. అప్పుడే బావిలోంచి తీసిన చెంబులా చల్లగా, తడిగా ఉంది. ఫ్యాను కింద పడుకున్న మనిషికి అంత చెమట ఎందుకు పడుతోందో ఆయన కూతురికి అర్థం కాలేదు. "షుగర్ డౌనయినట్టుండాది మేడం. ఇంట్లోనే గ్లూకోజు తాపించి పడుకోబెట్టినాము. తగ్గకపోతే ఇట్ట తీసుకొచ్చినాము" అంది. నాకు మాత్రం ఆ చల్లదనం చేతికి తగలగానే ఉదయగిరిలోని ఒక చిన్న ల్యాబు, అక్కడి కిటికీలో ఉండే అల్యూమినియం బెల్లం డబ్బా, దాని మూతకు దారంతో కట్టి ఉంచిన షుగర్ మీటరు కళ్ల ముందుకొచ్చాయి. ఆ డబ్బా పెంచలరెడ్డి సారుది. నాకు చేతిపని నేర్పింది, అంతకన్నా ముందు అడగడం నేర్పింది ఆయనే.

టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి ఆయన ల్యాబులో చేరేనాటికి నాకు ఇరవై ఒకటి. సారుది భూములున్న కుటుంబం. ఒకప్పుడు ఊరి వ్యవహారాలు అన్నగారు చూసుకునేవారట, ఈయన మాత్రం సూదులు, సీసాలు పట్టుకుని ఉదయగిరి చేరారు. "పెత్తనం అన్నగారిది, ఊరోళ్ల నెత్తురు తమ్ముడిది" అని జనం నవ్వుకునేవాళ్లట. నెత్తురు తీసేది రెండు నిమిషాలైతే ఆరా తీసేది ఇరవై నిమిషాలు. ఏం తిన్నావు, ఎంత దూరం నడిచావు, పోయినేడు అదే దోవలో ఎక్కడైనా కూర్చున్నావా, ఇలా సాగేది. "నీ సూది కంటే నీ ప్రశ్నలే నొప్పి రెడ్డీ" అని ఒకామె మొహం మీదే అనేసింది. ఆయన సంతోషంగా తలూపి ఇంకో ప్రశ్న వేశారు.

గోడ మీద రంగు రంగుల గడుల పటం ఒకటుండేది. వయసు, బీపీ, కొలెస్ట్రాల్, బీడీ సిగరెట్ల అలవాటు, షుగర్ ఉందా లేదా, ఇవన్నీ చూసుకుంటూ పోతే మనిషికొక గడి దొరుకుతుంది. రాబోయే పదేళ్లలో గుండెపోటు వచ్చే అవకాశం ఎంతో ఆ గడి రంగు చెబుతుంది. ఆకుపచ్చయితే తక్కువ, ఎరుపయితే ఎక్కువ. జాతకం చేతికొచ్చినంత సంబరపడ్డాను నేను. వచ్చినవాళ్లందరికీ రంగులు చెప్పడం మొదలుపెట్టాను. సారు ఒకరోజు పక్కన నిలబడి, "ఆ పటాన్ని నమ్మాల మే. కాదనను. అయితే పంచాంగంలో వాన ఉండాదని రాస్తారు గానీ, ఎవురి చేలో పడుద్దో రాయరు గదా. అది మనం అడిగి తెలుసుకోవాల" అన్నారు. నాకు కొంచెం చిరాకేసింది. కంప్యూటర్ మీద లెక్కగట్టిన పటం కంటే ఈయన కబుర్లు గొప్పవా అనుకున్నాను.

నా చిరాకు వదిలించినవాడు మలకొండయ్య. కొండ వాలులో జీవాలు మేపుకునే మనిషి, యాభై దాటాయి, ఎనిమిదేళ్లుగా షుగర్. బీడీ ముట్టడు, బీపీ లేదు. గడి చూసి "నీది ఆకుపచ్చే మామా, దిగుల్లేదు" అన్నాను. సారు మాత్రం, "జీవాలతో సమంగా నడస్తా ఉండావా?" అని అడిగారు.

"ఏడ నడిచేది రెడ్డీ! అవి ముందరికి పోతా ఉండాయి, నేను వెనకబడతా ఉండా. ముసిలోడ్నయినాను."

"ఎప్పట్నించి?"

"మొన్న కోతల కాణ్ణించి."

"కోతలప్పుడు ముసలితనం ఒక్కనాడే వచ్చిందా?"

మలకొండయ్య నవ్వాడు. సారు నవ్వలేదు. ఆ రోజే ఆత్మకూరు పంపించి ఈసీజీ తీయిస్తే, గుండెపోటు ఎప్పుడో వచ్చి వెళ్లిపోయిన గుర్తులు కనిపించాయి. నొప్పి రాలేదు కాబట్టి అతనికి తెలియలేదు. "ఏళ్ల తరబడి షుగర్ ఉంటే కొందరికి నరాలు మొద్దుబారిపోతాయి. గుండె అరిచినా వినపడదు" అని సారు చెప్పారు. నేను ఆ పటం వైపు చూడటానికి సిగ్గుపడ్డాను. అది అబద్ధం చెప్పలేదు, నేనే అడగాల్సింది అడగలేదు.

అప్పుడే బెల్లం డబ్బా సంగతి అడిగాను. మీటరు పెట్టుకోవడానికి బల్ల ఉండగా డబ్బా మూతకెందుకు కట్టారని. సారు గాజు పలకలు తుడుస్తూనే చెప్పారు. ఒకనాడు పొలం నుంచి వచ్చిన అన్నగారికి ఒళ్లంతా చెమటలు పట్టాయి. షుగర్ మనిషి కదా, పడిపోయిందనుకుని తమ్ముడే బెల్లం ముక్క నోట్లో పెట్టి, "కాసేపు పడుకో అన్నా" అన్నాడు. అన్న ఇక లేవలేదు. వచ్చింది గుండెపోటని తర్వాత తేలింది.

"మీటరు నా బండి డిక్కీలోనే ఉండాది. పది అడుగులు పోయి తెచ్చుంటే షుగర్ పడిపోలేదని తెలిసేది. బెల్లం చంపలేదన్నారు డాక్టర్లు. ఆస్పత్రికి పోకుండా పడుకోబెట్టిన ఆ గంటసేపే చంపింది." తుడిచిన పలకనే మళ్లీ తుడుస్తూ అన్నారు. "నాకు తెలియాల్సింది ఇంకోటుండాది మే. అన్నకి నొప్పి తెలవలేదా? లేకుంటే నేను భయపడతానని పళ్లు బిగబట్టి దాచుకున్నాడా? అట్టాంటి మనిషే ఆయన. ఎవుర్ని అడగాల?"

వచ్చినవాళ్లందరినీ ఆయన అన్నేసి ప్రశ్నలు ఎందుకు అడిగేవారో ఆ పూట తెలిసింది. నాకు ఏడుపొచ్చింది.

కొన్నేళ్లకు నేను ఈసీజీ పని నేర్చుకుని ఆత్మకూరు వచ్చేశాను. ఒకరోజు పొద్దున పదింటికి సారు ఫోను. "మీటరు నూట ఎనభై చూపిస్తా ఉండాది, షుగర్ పడిపోలా. చెమట ధారగా కారతా ఉండాది. నొప్పి లేదు. ఏందంటావు?" అన్నారు, పరీక్షలో ప్రశ్న అడిగినట్టు.

"సార్, ప్రశ్నలాపి ముందు బండెక్కండి!" అని అరిచాను.

"బండిలోనే ఉండా లే. ఉదయగిరి ఆస్పత్రిలో మాత్రలిచ్చి ఆత్మకూరికి పంపినారు. ఈసీజీ నువ్వే తియ్యాలని ఫోను చేసినా."

ఆత్మకూరు చేరేసరికి ఆయన మణికట్టు కూడా మొన్నటి పెద్దాయనదిలాగే చల్లగా ఉంది. కాగితం మీద గీతలు చూసి డాక్టరుగారిని కేకేశాను. సారు మాత్రం తల పైకెత్తి ఆ కాగితాన్నే చూడాలని తాపత్రయపడ్డారు. డాక్టరుగారు మందు ఎక్కించి నెల్లూరు పంపించారు. బతికారు. "బెల్లం కోసం చెయ్యి పెడితే మీటరే చేతికొచ్చిందమ్మా. సరే, ముందు దాంతోనే వేలు పొడిచి చూసినా" అని ఆ పొద్దున ల్యాబులో ఉన్న ఆయన భార్య ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు.

వారం తర్వాత చూడటానికి వెళితే సారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన చెయ్యి వెచ్చగా ఉంది. "దాచుకోలేదు మే" అన్నారు. నాకు అర్థం కాలేదు. "అన్న దాచుకోలేదు. నాకూ షుగరే గదా, నాకూ అదే వచ్చింది, చీమ కుట్టినంత నొప్పి గూడా లేదు. నిజంగానే తెలవదు." చెప్తూ నవ్వారు, కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. గుండెపోటు వచ్చినందుకు అంత తేలికపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లు ఉన్నారు. పోయినేడు జ్వరంతో పోయారు. పటం ఎవరు తీసుకున్నారో తెలియదు, డబ్బా మాత్రం అడిగి తెచ్చుకున్నాను.

మొన్నటి పెద్దాయనదీ గుండెపోటే. ఆయన్ని కూడా నెల్లూరు పంపించాం. అంబులెన్సు ఎక్కబోతున్న కూతుర్ని ఆపి, "మీ ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడ పెడతారమ్మా?" అని అడిగాను. ఇంత గాభరాలో ఇదేం ప్రశ్న అన్నట్టు ఆ పిల్ల నా మొహం చూసింది.

"పొయ్యి పక్కన అలమర్లో. ఏం మేడం?"

"మీటరు దాని మూత మీద కట్టు. చెమట పడితే ముందు అది చూడు, షుగర్ పడిపోకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకురా. మీటరు లేకపోతే చక్కెర పెట్టు, తప్పులేదు. పడుకోమని మాత్రం అనొద్దు."