బండ మీద నాలుగు మేకులు

నేను దయ్యాలను నమ్మను. డెబ్బై మూడేళ్లు వచ్చాయి, ఒక్కరోజు కూడా నమ్మలేదు. ఇలాంటి అనుభవాలు రాసేవాళ్లంతా ఇదే మాటతో మొదలుపెడతారని తెలుసు. నాలుగో పేరాకల్లా తెల్లచీర కట్టిన మనిషిని తెచ్చి నిలబెడతారని కూడా తెలుసు. అవి చదివి ఒళ్లు మండి ఎన్నో పత్రికలు మూలకు విసిరేశాను.

నా దాంట్లో తెల్లచీర లేదు, అర్ధరాత్రి లేదు. మార్చి నెలలో, పొద్దున పదకొండు గంటలకు, కళ్లజోడు పెట్టుకుని ఎండలో చూసిన సంగతి ఇది. అది చూసి నేనొక మాట అన్నాను. ఆ మాట వల్ల మా అల్లుడు నరేందర్ చనిపోయాడు. నా ఒక్క బిడ్డ మంజుల ముప్పై నాలుగేళ్లకే ఒంటరిదైంది.

నేను బడికి పోయినవాణ్ని కాదు. గౌలిపురలో పాలు అమ్ముకునే ఇంట్లో పుట్టి, చిన్నతనంలోనే ఛత్రినాక దగ్గర ఒక టెంట్ హౌస్‌లో పనికి కుదిరాను. పింగాణీ ప్లేట్లు చుట్టడానికి తెచ్చే పాత పేపర్లే నా పుస్తకాలు. తెలుగు వాటి మీదే నేర్చుకున్నాను. ఉర్దూ కూడా కూడబలుక్కుని చదువుతాను. యాభై ఏళ్లు షామియానాలు వేశాను. పెళ్లిళ్లకు వేశాను, బోనాలకు వేశాను, చావులకు వేశాను. శ్మశానం గోడ పక్కన సామానుకు కాపలా పడుకున్నాను. ఏ దయ్యమూ వచ్చి నా దుప్పటి లాగలేదు. నన్ను ఏడిపించినవాళ్లంతా బతికున్నవాళ్లే.

ఆ యాభై ఏళ్లలో నలభై ఏళ్లు నాతో కలిసి పనిచేసినవాడు ఖాజా భాయ్. జాగా చూడటం ఆయన వంతు. గుంజలు, తాళ్లు, కూలీలు నా వంతు. తెల్లవారగానే సైకిల్ మీద ముందు పోయి, చెప్పులు విడిచి నేలంతా నడిచేవాడు. కాలికి నచ్చిన చోట నాలుగు మూలలా నాలుగు ఇనుప మేకులు దిగ్గొట్టి, ఒక్కో మేకు తలకు పాత షామియానా పసుపు గుడ్డ పీలిక కట్టేవాడు. నేను సామాను తీసుకుని పోయేసరికి ఏదో ఒక మూల బీడీ కాలుస్తూ కూర్చుని ఉండేవాడు. "జాగా పట్టిన, రాములు భాయ్! గుంజలు తెప్పియ్" అనేవాడు. ఆయన పట్టిన జాగాలో మా డేరా ఎన్నడూ కూలలేదు.

ఆయన ఎడమ బొటనవేలు సగమే ఉండేది. మిగతా సగం లారీ తలుపు కింద పోయింది. అందుకని పీలికను ఒక చేత్తో పట్టుకుని, రెండో కొసను పళ్లతో లాగి ముడి వేసేవాడు. ఆ ముడి మా అందరి ముళ్లకు ఎదురు దిక్కు తిరిగి ఉండేది. కొస ఎంగిలితో తడిసేది. "ఖాజా భాయ్ తాంబూలం" అని కూలీలు నవ్వేవాళ్లు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఈ రోజుల్లో ఎవరికీ పట్టదు గాని, మా కాలంలో ప్రాణం పోయినా తప్పేవాళ్లం కాదు. ఒకడు మేకు కొట్టి పీలిక కట్టిన జాగా వాడిదే. ఎంత మంచి జాగా అయినా, వాడితో ఎంత పగ ఉన్నా, ఇంకొకడు అక్కడ మేకు దించడు. పరాయివాడి మేకును చేత్తో కదిలించను కూడా కదిలించడు.

ఖాజా భాయ్ కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయాడు. బస్తీలో ఎవరు చచ్చినా ఇంటి ముందు నీడ వేసింది మేమిద్దరమే. ఆయన ఇంటి ముందు మాత్రం నేను ఒక్క గుంజ పాతలేకపోయాను. గల్లీ మొదట్లో ఎండలో నిలబడి, దూరం నుంచి శవం బండి పోవడం చూశాను. ఆ తర్వాత అల్లుడు అడిగేదాకా సుత్తి పట్టలేదు.

నరేందర్ మంచివాడు. ఇది అల్లుడని చెప్పడం లేదు. ఆఫీసు ఉద్యోగం పోయిన తర్వాత మాదన్నపేటలో అద్దె ఇంట్లో కూర్చుని ఏడవకుండా, కొత్త పని పట్టుకున్నాడు. సెలవు రోజుల్లో ఊరివాళ్లను అడవిలోకి తీసుకుపోయి, చెరువు ఒడ్డున చిన్న చిన్న గుడారాలు వేసి, అక్కడే వండిపెట్టి తీసుకొస్తాడు. ఆకాశం చూడటానికి జనం అంత దూరం పోతారా అని నేను మొదట్లో కోప్పడ్డాను. గల్లీలో తల ఎత్తితే కరెంటు వైర్లే కదా మామా అన్నాడు.

రెండేళ్లు ఇంకొకరి దగ్గర పనిచేసి, సొంతంగా ఒక జాగా చూసుకోవాలనుకున్నాడు. ములుగు దాటిన తర్వాత అడవుల మధ్య చెరువులున్న ప్రాంతం అది. చెరువు పేరు రాయను. అక్కడివాళ్ల పొట్ట కొట్టడం నాకు ఇష్టం లేదు. జాగా నువ్వే చూడాలి అని మంజుల చేత అడిగించాడు. నేను ఒప్పుకోలేదు. జాగా చూసేవాడు పోయాడన్నాను. అప్పుడు తానే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీ కన్నా నేలను ఎరుకున్నోడు ఎవడున్నడు మామా. నువ్వు ఊ అంటే అయిపాయె, మళ్ల నేను చూడ."

పోయాము. దారి పొడుగునా నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. తన గుడారాలకు గుంజలు అక్కర్లేదట, సంచిలోంచి తీస్తే ఛత్రిలా తెరుచుకుంటాయట. గాలొస్తే ఛత్రిలాగే ఎగిరిపోతాయని నేనన్నాను. మస్తు నవ్వాడు.

అక్కడ మూడు జాగాలు ఉన్నాయి. మొదటిది కట్ట దగ్గర. జనం, పాటలు, చెత్త. చూడగానే వద్దనుకున్నాము. మూడోది నీళ్లకు ఆనుకుని, పెద్ద మద్దిచెట్ల కింద పచ్చటి గడ్డి. నరేందర్ కళ్లు దాని మీదే ఉన్నాయి. రెండోది చెరువుకు కాస్త పైన, చిన్న మిట్ట. చెట్లు లేవు, తుప్పలు తప్ప. అందం లేదు. కానీ వాన నీళ్లు నిలవవు, తల మీద కొమ్మ ఉండదు. కిందినుంచే నాకు అది నచ్చింది. డేరా మీద చెట్టు నీడ పడితే మంచిదని అనుకునేవాడికి డేరా పని తెలియదని అర్థం. అల్లుణ్ని కింద ఫోటోలు తీసుకోమని చెప్పి, ఒక్కణ్నే మిట్ట ఎక్కాను.

ఎక్కి చూస్తే నాలుగు మేకులు.

నాలుగు మూలలా, సరిగ్గా మేము చిన్న డేరా వేసే కొలతలో ఉన్నాయి. తలలు సుత్తి దెబ్బలకు పూల రేకుల్లా విచ్చుకుని ఉన్నాయి. ఒక్కోదానికి పసుపు పీలిక. దగ్గరున్న దాని ముందు గొంతుక్కూర్చుని ముడి పట్టి చూశాను. ముడి ఎదురు దిక్కు తిరిగి ఉంది.

అది ఖాజా భాయ్ ముడి. కానీ నేను నమ్మేవాణ్ని కాదు కదా. ఖాజా భాయ్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు పదిమందైనా ఉంటారు, వాళ్లలో ఎవడో ఈ వైపు వచ్చి ఉంటాడనుకున్నాను. మేకులు పడ్డాయంటే జాగా ఒకరిది అయిపోయింది. ఇంకొకరు పట్టిన జాగాలో కాలు పెట్టినందుకు నాకు సిగ్గేసింది. మేకుకు చెయ్యి తాకించి అపచారం చేసినట్టు లేచి, వెనక్కి దిగిపోయాను.

"ఆ జాగ మనది కాదు నరేందర్. ఎవరో ముందే పట్టిండ్రు" అన్నాను.

ఎవరు అని అడగలేదు. పైకి వచ్చి చూడలేదు. మళ్లీ చూడనని ముందే అన్నాడు కదా, మాట మీద నిలబడ్డాడు. మూడో జాగాకు పోయాము. అక్కడ నేనే మేకు దించి చూశాను, గట్టిగా పట్టింది. మద్దిచెట్టు మొదలును సుత్తితో కొట్టి విన్నాను, నిండుగా మోగింది. కొమ్మలు పచ్చగా ఉన్నాయి. నీళ్ల వైపు దిగి చూడలేదు. అటు వేళ్ల కింద మట్టి ఎప్పుడో కొట్టుకుపోయిందని, పైన గడ్డి కప్పేసిందని తర్వాత తెలిసింది. మిట్ట మీద చూసిన దానితో నా మనసు మనసులో లేదు. సరే ఇక్కడే వేసుకో అన్నాను.

మే నెలలో ఒక శనివారం, సాయంత్రం నాలుగింటికి గాలివాన వచ్చింది. నరేందర్ జనాన్నంతా గుడారాల్లోంచి లేపి బండి దగ్గరికి పంపాడట. లెక్క చూస్తే ఒకాయన లేడు. నిద్రపోతున్నాడేమోనని వెనక్కి పరుగెత్తాడు. ఆయన బయటపడ్డాడు. చెట్టు నరేందర్ మీద పడింది.

అధికారులు కాగితంలో ప్రకృతి వైపరీత్యం అని రాసి చేతులు దులుపుకున్నారు. ఒక పేపరు విహారయాత్రలో విషాదం అని ఐదు లైన్లు వేసింది. నా అల్లుడు విహారానికి పోలేదు, పనికి పోయాడు. బంధువులు ఇంకా ఘోరం. అడవి తల్లికి కోడిని కోయలేదని ఒకరు, ఉత్తరం వైపు తలపెట్టి పడుకునేవాడని ఇంకొకరు. ఒకాయన తాయెత్తు తెచ్చి మంజుల చేతికి కట్టబోతే గల్లీ చివరిదాకా తరిమాను. ఇంటి ముందు షామియానా ఎవరో కుర్రవాళ్లు వేశారు. వాళ్ల గుంజలు వంకరగా ఉన్నాయి. దాని కిందే కూర్చున్నాను.

బోనాల ఆదివారం నాడు మంజుల దగ్గరే ఉన్నాను. గల్లీలో డప్పులు మోగుతున్నాయి. లోపల ఆమె నరేందర్ ఫోను తెరిచి పాత ఫోటోలు చూసుకుంటోంది. ఒకటి నా ముందు పెట్టింది.

"గీడ ఏం చూస్తున్నవ్ బాపు?"

ఆ రోజు కిందినుంచి తీసిన ఫోటో. దగ్గరగా లాగి తీశాడు. మిట్ట మీద నేను గొంతుక్కూర్చుని ఉన్నాను. కుడి చెయ్యి ముందుకు చాచి, రెండు వేళ్లతో దేన్నో పట్టుకున్నట్టుంది. వేళ్ల మధ్య ఏమీ లేదు. వేళ్ల కింద ఏమీ లేదు. పసుపు లేదు, ఇనుము లేదు, ఖాళీ నేల.

అలాంటివి మూడు ఫోటోలున్నాయి. మూడింట్లోనూ అంతే.

బిడ్డకు అబద్ధం చెప్పలేదు. మేకుల సంగతి, పీలికల సంగతి, ముడి సంగతి చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. ఫోను బోర్లించి ఒకటే అన్నది.

"ఆయినను ఒక్కపారి మీదికి పిల్వకపోతివి గదా బాపు."

పిలిచి ఉంటే, ఏ మేకులు మామా అని అడిగేవాడు. నాకు కళ్లు పోయాయని నవ్వేవాడు. ఆ మిట్ట మీదే గుడారాలు వేసేవాడు. ఈపాటికి బతికి ఉండేవాడు.

ఆగస్టులో సంచిలో ఒక సుత్తి, ఒక పాత మేకు పెట్టుకుని ఇమ్లిబన్ బస్టాండులో బస్సెక్కాను. కూలిన చెట్టును ముక్కలు చేసి పక్కకు వేశారు. అటు చూడకుండా మిట్ట ఎక్కాను. మేకుల గుర్తులు వెతికాను. మేకు పీకితే నేలలో చిల్లు ఉండాలి. లేదు. తెచ్చిన మేకు నిలబెట్టి కొట్టాను. రెండు వేళ్ల మందం మట్టి దాటగానే బండ తగిలింది. నాలుగు మూలలా కొట్టి చూశాను, ప్రతిచోటా పరుపుబండే. చివరకు మేకు వంగిపోయింది. సుత్తి చప్పుడు విని చెరువు కాపలా మనిషి పైకి వచ్చాడు. గతంలో ఇక్కడ ఎవరైనా డేరా వేశారా అని అడిగాను. ఆయన వంగిన మేకు చూసి, నన్ను చూసి, జాలిపడ్డాడు.

"గీ బండల మేకేడ దిగుతది తాతా? నేను పుట్టిన కాన్నుంచి ఎవ్వడు కొట్టలే."

అప్పటినుంచి రెండు రకాలుగా ఆలోచిస్తున్నాను. అక్కడ ఏమీ లేకపోతే, మతి తప్పిన ముసలివాడు లేని మేకులు చూసి, మంచి జాగా వదిలించి, అల్లుణ్ని చెట్టు కింద పెట్టాడు. నిజంగా ఉంటే అది ఇంకా ఘోరం. నలభై ఏళ్లు ఆ పసుపు పీలిక చూస్తే నాకు తెలిసిన అర్థం ఒక్కటే, జాగా మనది అని. ఆ ఒక్కరోజు, చచ్చినవాడు మేకు ఎలా కొడతాడు అనుకుని, జాగా మనది కాదు అని చదువుకున్నాను. రెండింట్లో ఏది నమ్మినా నాకు నిద్ర లేదు. దయ్యాలను నమ్మనని ఇప్పటికీ అంటాను. అది అనేటప్పుడు ఎవరి మొహమూ చూడలేకపోతున్నాను.

మంజులకు చెప్పనిది ఒకటుంది. ఇక్కడ రాస్తున్నాను. ముడి పట్టి చూసినప్పుడు, ఆ ఎండలో, పీలిక కొస తడిగా ఉంది. కట్టినవాడు దూరం పోయి ఉండడని చుట్టూ చూశాను. ఏదో ఒక మూల బీడీ కాలుస్తూ ఉంటాడేమోనని కూడా చూశాను. పేరు నోటిదాకా వచ్చింది. చచ్చినవాణ్ని పిలవడమేమిటని మింగేసి, కిందికి దిగిపోయాను.