మంచు కోసం కొన్న కోటు

నాకు ఒక ఓవర్‌కోటు ఉంది. బూడిద రంగు, మోకాళ్ళ దాకా వచ్చే ఉన్ని కోటు. సిద్దిపేటలో అలాంటి కోటుతో ఎవరికీ పనిలేదు. పుష్యమాసంలో పొద్దున పూట ఎంత చలి పెట్టినా ఒక స్వెటరు, చెవులకు మఫ్లరు ఉంటే గడిచిపోతుంది. ఆ కోటు వేసుకుని బజారుకు పోతే జనం ఆగి చూస్తారు. అయినా దాన్ని ఇష్టపడి కొన్నాను. దగ్గరుండి కొనిపించింది నా స్నేహితుడు.

పాత బస్టాండు దగ్గర నాది కళ్ళద్దాల దుకాణం. పక్క షటరు అతనిది, స్టీలు సామాన్లు అమ్మేవాడు. రెండు దుకాణాలకూ మధ్య ఒకటే గోడ. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఆ గోడకు అటొకరం, ఇటొకరం. పొద్దున ఎవరు ముందు వస్తే వాళ్ళు రెండో షటరు ముందు కూడా ఊడ్చి నీళ్ళు చల్లేవాళ్ళం. అతని తాళం చెవి ఒకటి నా దగ్గర, నాది ఒకటి అతని దగ్గర ఉండేవి. నా భార్యకు ఆపరేషనయి దవాఖానలో ఉన్నప్పుడు నా దుకాణం మూతపడకుండా చూసింది అతనే. అద్దాల సంగతి అతనికి ఏమీ తెలియదు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, చాయ్ తాగించి, సాయంత్రం రమ్మని చెప్పి పంపేవాడు. ఒక్కరు కూడా వేరే దుకాణానికి పోలేదు.

మా ఇద్దరికీ ఒక కోరిక ఉండేది. మంచు చూడాలి. చెరువు మీద కమ్ముకునే పొగమంచు కాదు, కొండల మీద పడి కాలు పెడితే దిగబడే తెల్లటి మంచు. బేరాలు లేని మధ్యాహ్నాలు మెట్ల మీద కూర్చుని ఆ ముచ్చటే పెట్టుకునేవాళ్ళం. ఏటా అనుకోవడం, ఏటా ఏదో అడ్డం రావడం. కిందటేడు దసరా అయ్యాక అతనే గట్టిగా పట్టుబట్టాడు. బజారులోనే ఇంకో ఇద్దరు వ్యాపారులను కలుపుకొని నలుగురం జనవరిలో కాశ్మీరు పోవాలని ఖాయం చేశాడు. టికెట్లు, హోటళ్ళు తను చూసుకుంటానన్నాడు. నా వంతుకు మిగిలింది చలికి ఆగే కోటొకటి కొనుక్కోవడమే.

ఒక ఆదివారం ఇద్దరం హైదరాబాదు బస్సెక్కాం. ప్రజ్ఞాపూర్‌లో బస్సు ఆగితే దిగి చాయ్ తాగాం. మా నాయన బతికినన్నాళ్ళూ ఎంత చలికైనా గొంగడి కప్పుకున్నాడే తప్ప స్వెటరు ముట్టలేదని అతనికి చెప్పాను. గొంగడిని మించిన వెచ్చదనం లేదని అతనూ ఒప్పుకున్నాడు.

"గని ఫోటోల మంచిగ కనబడాలె గద. ఇన్నేండ్లకు పోతున్నం, జర దొరల లెక్క పోదాం" అన్నాడు.

ముందు ఫుట్‌పాత్ మీద స్వెటర్లు, జాకెట్లు అమ్మే చోటికి పోయాం. అక్కడ అన్నీ లోపల దూది కుక్కినట్టు ఉబ్బిన జాకెట్లే. ఒకటి తొడుక్కున్నాను. వెచ్చగానే ఉంది, బరువు కూడా లేదు. కానీ చేయి కదిలిస్తే చాలు పాలిథిన్ సంచీలా చప్పుడు. అతను నన్ను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, పరుపు చుట్టుకున్నట్టున్నావని తీసేయించాడు.

ఆ తర్వాత ఎక్కిన పెద్ద దుకాణంలో మాత్రం అతను తీరిగ్గా నిలబడ్డాడు. అతని నాయన దర్జీ. చిన్నప్పుడు మిషను కింద కూర్చుని పెరిగినవాడు కాబట్టి కుట్టు సంగతి బాగా తెలుసు. నల్లకోటు వేసుకుంటే వకీలులా ఉన్నావన్నాడు. గోధుమరంగు దానికి మరక దాగదన్నాడు. బూడిదరంగు కోటు చేతికి రాగానే అతని ముఖం మారింది. బట్టను పిడికిట్లో నలిపి వదిలాడు, ముడత నిలబడలేదు. లోపల లైనింగు తిరగేసి కుట్లు చూశాడు. నా చేత స్వెటరు వేయించి, దాని మీద కోటు తొడిగించాడు. లోపల స్వెటరు పట్టకపోతే అంత చలిలో ఆ కోటు దండగ అన్నాడు. రెండు చేతులూ పైకెత్తమన్నాడు. చంకల్లో పట్టేయలేదు. భుజం కుట్టు సరిగ్గా భుజం అంచు మీద ఆగిందో లేదో వేలితో తడిమి చూశాడు. కాలరు పైకి లేపి నా చెవుల దాకా వస్తుందని చూపించాడు. పెళ్ళికొడుకును ముస్తాబు చేసినంత శ్రద్ధగా చేశాడు ఇదంతా. అద్దంలో నన్ను నేను గుర్తుపట్టలేదు. పొట్ట కనబడలేదు, నడుము నిటారుగా ఉంది.

తనూ ఒకసారి తొడిగి చూస్తానన్నాడు. ఇద్దరిదీ ఒకటే ఎత్తు. భుజాలు వెడల్పు కాబట్టి అతనికి ఇంకా బాగా నప్పింది. నువ్వే తీసుకో, నేను వేరేది చూసుకుంటానని మనసారా అన్నాను. అతను కోటు విప్పి నా చేతికిచ్చాడు.

"గిది నీదే. నాది నేను చూసుకుంట."

ఆ రోజు అతనికి ఏదీ నచ్చలేదు. మళ్ళీ ఎప్పుడైనా వచ్చి కొనుక్కుంటానన్నాడు.

ఇంట్లో నా భార్య గుండీలన్నీ లాగి చూసి, మంచులో ఊడిపోతే ఎక్కడ వెతుకుతావని మళ్ళీ గట్టిగా కుట్టింది. బూడిదరంగు దారం లేక ముదురు నీలం దారంతో కుట్టింది. దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియదు. అలవాటు కోసమని ఒక తెల్లవారుజామున ఆ కోటు వేసుకుని చెరువు కట్ట మీద నడిచాను. సగం దూరం పోకముందే చొక్కా తడిసి ముద్దయింది. ఎదురొచ్చిన వాళ్ళు ఒంట్లో బాగాలేదా అని అడిగారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే నా భార్య చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజులు మంచి రోజులు.

ప్రయాణం దగ్గర పడుతుండగా ఒక పొద్దున అతను షటరు ఎత్తకుండా నేరుగా నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఈసారి పోవడం కుదరదన్నాడు. మిగిలిన ఇద్దరిలో ఒకాయనకు మోకాలి నొప్పి తిరగబెట్టిందట, ఇంకొకాయన ఇంట్లో ఏదో శుభకార్యం వచ్చిందట. ఇద్దరమే పోదామా అని అడిగాను. మంది లేకుంటే ఏం మజా, వచ్చే యేడు పోదామన్నాడు. అతని ముఖం చూసి, నాకంటే అతనికే ఎక్కువ బాధగా ఉందనుకున్నాను. పోనీలే అని నేనే ఓదార్చాను.

నాలుగైదు రోజుల తర్వాత కోటు అడిగాడు. వాళ్ళ బామ్మర్ది ఢిల్లీలో పెళ్ళికి పోతున్నాడని, అక్కడ చలి ఎముకలు కొరుకుతుందని చెప్పాడు. నా భార్య దాన్ని మడతపెట్టి, గుడ్డసంచిలో పెట్టి ఇచ్చింది. ఆ మరుసటి రోజు అతని షటరు మూసే ఉంది. అత్తగారి ఊరు మద్దూరులో పొలం కొలతలున్నాయి, వారం దాకా రానని ముందే చెప్పాడు. ఆ వారమంతా అతని కోసం వచ్చినవాళ్ళకు నేనే జవాబు చెప్పాను. పెళ్ళి సామాన్లకు వచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి, మద్దూరు పోయిండు, వచ్చేస్తడు, వేరే దగ్గర కొనకండి అని బతిమాలి పంపాను.

ఆ వారం చివర్లోనే ఇబ్రహీంపూర్ నుంచి ఒకాయన దగ్గరచూపు అద్దాలకు వచ్చాడు. మాతో కాశ్మీరు రావాల్సిన ఇద్దరిలో మోకాలి నొప్పి ఆయనకు ఇతను బావమరిది. అద్దాలు పెట్టి, అక్షరాలున్న అట్ట ఇవ్వబోతే వద్దని ఫోను తీశాడు. సన్న అక్షరాలు సాఫుగా కనబడుతున్నాయని సంబరపడి, ఒక ఫోటో తెరిచి నా ముందు పెట్టాడు.

"సూడు సేటూ, మా బావ వాళ్ళు కాశ్మీర్ల మంచు మీద. మస్తుగ కనబడుతుంది."

నేనూ చూశాను. తెల్లటి కొండ ముందు నలుగురు మనుషులు. మోకాలి నొప్పి ఆయన ఒక కాలు ఎత్తి నిలబడి నవ్వుతున్నాడు. పక్కన ఇంట్లో శుభకార్యం ఉన్నాయన. నా జాగాలో కరీంనగర్ రోడ్డులో కొత్త కాంప్లెక్సు కట్టించిన ఆసామి. అతని భుజం మీద చెయ్యేసి నా స్నేహితుడు. ఒంటి మీద బూడిదరంగు కోటు, కాలరు చెవుల దాకా లేపుకొని ఉన్నాడు. ఫోను చేతిలోకి తీసుకుని ఫోటో పెద్దది చేశాను. గుండీల మీద నీలం దారం కనబడింది.

మీరు కూడా పోవాల్సింది కదా అని అద్దాలకు వచ్చినాయనే అన్నాడు. మీ ఇంట్లో ఒప్పుకోలేదంట, మీ దోస్తు చెప్పిండని మా బావ అన్నడు అన్నాడు. నేను అద్దాలు తుడిచి, డబ్బాలో పెట్టి ఇచ్చాను. పైసలు తీసుకున్నానో లేదో గుర్తులేదు.

ఇంట్లో చెప్పాలంటే నోరు రాలేదు. నా భార్య వద్దందన్న మాట కోటు మాటకంటే ఎక్కువ గుచ్చుకుంది. గుండీలు కుట్టిన మనిషి మీద వేశాడు ఆ నింద. రెండో రోజు చెప్పాను. ఆమె పొయ్యి దగ్గరికి పోయి చాలాసేపు ఇవతలికి రాలేదు.

అతను తిరిగొచ్చిన రోజు పొద్దున నేను అతని షటరు ముందు ఊడ్వలేదు. పదింటప్పుడు గుడ్డసంచి పట్టుకొని వచ్చాడు. కోటు, దాంతోపాటు ఒక పొట్లం అక్రోట్లు. బామ్మర్ది ఢిల్లీ నుంచి తెచ్చాడన్నాడు. ముక్కు మీద, బుగ్గల మీద చర్మం ఎండకు కాలినట్టు పొరలు లేచి ఉంది. పొలం కొలతల గురించి ఏదో మొదలుపెట్టాడు. చెప్పనిచ్చాను. అయిపోయాక అడిగాను.

"మంచు ఎట్లుంది?"

అతను సంచిని నా బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు. అబద్ధం ఇంకోటి ఆడతాడనుకున్నాను. ఆడలేదు.

"ఎవలు జెప్పిన్రు?"

"ఎవలు జెప్తే ఏంది. నీ ముఖమే జెప్తుంది."

తల వంచుకొని చెప్పాడు. కాంప్లెక్సు ఆసామి తనూ వస్తానన్నాడట. కారులో నలుగురికే జాగ. అతని కాంప్లెక్సులో రోడ్డు మీది షటరు కోసం ఎంతోమంది తిరుగుతున్నారు. వారం రోజులు కలిసి తిరిగితే పని అవుతుందనుకున్నాడట.

"నాకు జెప్తే తప్పుకోకపోదునా?"

"తప్పుకుంటువు. నవ్వుకుంట తప్పుకుంటువు. గది సూడలేక జెప్పలే." మళ్ళీ తనే అన్నాడు, "ఆయన మళ్ళ దొరుకుతడో లేదో. నువ్వెటు పోతవ్ రా, ఎప్పటికి ఉంటవ్ గద అనుకున్న."

"మరి కోటెందుకు?"

"అంతకన్న మంచిది దొరకలే."

ఆ మాట మాత్రం నిజమే చెప్పాడని నాకు తెలుసు. నా భార్య పేరు ఎందుకు తీశావని అడుగుదామనుకున్నాను. అడగకుండానే అక్రోట్ల పొట్లం అతని చేతిలో పెట్టాను. తీసుకొని పోయాడు. కాసేపటికి గోడ అవతల గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడింది. ఎన్నో ఏళ్ళుగా వింటున్న చప్పుడే. ఆ రోజు అది ఎవరో పరాయివాళ్ళ ఇంట్లోంచి వచ్చినట్టుంది.

ఉగాదికి అతను కొత్త కాంప్లెక్సులోకి మారిపోయాడు. పూజకు పిలిచాడు, నేను పోలేదు. నా దగ్గరున్న అతని తాళం చెవిని ఆ షటరు ఓనరుకు ఇచ్చేశాను. ఇప్పుడు ఆ జాగాలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. కోటును నా భార్య రెండుసార్లు ఎండలో వేసింది. అయినా కాలరు దగ్గర అతను రాసుకునే కొబ్బరినూనె వాసన పోలేదు. ఒకసారి తొడుక్కుని చూద్దామని చేయి దూర్చి, సగంలోనే తీసేశాను. ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఈ ఊళ్ళో దానితో ఎవరికి పని? బీరువాలో వేలాడుతోంది.

మొన్న వర్షాకాలంలో ఒక పెళ్ళిలో ఎదురుపడ్డాం. ఒళ్ళు చేశాడు, జుట్టుకు రంగు వేశాడు. బాగున్నావా అంటే బాగున్నానన్నాను. నా భార్యను కూడా అడిగాడు, తలాడించాను. భోజనాలకు పిలుస్తుంటే అతను పోబోయి ఆగాడు.

"ఈసారి చలికాలం మనిద్దరమే పోదామా?"

పోదామని అన్నాను. పోనని ఇద్దరికీ తెలుసు. అతను నా భుజం మీద చెయ్యేసి, తీసి, భోజనాల వైపు నడిచాడు. నేను ఇంకో వరుసలో కూర్చున్నాను.